డిక్ గౌల్డ్: ఒకే కాలేజీలో 38 ఏళ్లు, 17 టైటిళ్లు. ఈ టెన్నిస్ కోచ్ గురించి మాట్లాడుకుందాం రండి

#1 సర్వ్_అండ్_వాలీ
2025 జనవరిలో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో నిషేష్ బసవరెడ్డి జొకోవిచ్ మీద ఫస్ట్ సెట్ 6-4తో గెల్చినప్పుడు మన వాట్సాప్ గ్రూపులన్నీ ఊగిపోయాయి కదా, నెల్లూరు మూలాలున్న కుర్రాడు అని, 19 ఏళ్లకే అని. తర్వాత 6-3, 6-4, 6-2తో జొకోవిచ్ గెల్చాడు, గ్రూపులు చల్లబడ్డాయి, అంతే. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒక పురుగు తొలుస్తోంది, ఈ అబ్బాయి అంతకుముందు రెండేళ్లు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ టీమ్‌కి ఆడాడు కదా, అక్కడ ఇతన్ని తయారు చేసిందెవరు అని.

అప్పుడు అక్కడి కోచ్ పాల్ గోల్డ్‌స్టీన్. ఆయన కూడా స్టాన్‌ఫర్డ్ స్టూడెంటే, 1995 నుంచి 1998 దాకా ఉన్న నాలుగేళ్లలో నాలుగు ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) టీమ్ టైటిళ్లు గెల్చాడు, ఒక్కటి కూడా పోలేదు. ఆయనకంటే ముందు పదేళ్లు కోచ్‌గా ఉన్న జాన్ విట్లింగర్ 1974లో స్టాన్‌ఫర్డ్ తరఫునే సింగిల్స్ చాంపియన్. ఈ ఇద్దరికీ గురువు ఒక్కడే, డిక్ గౌల్డ్. అంటే మన నిషేష్ ఆయన శిష్యుడి దగ్గర శిష్యుడు, మనవడి వరస అనుకోండి.

గౌల్డ్ 1966లో స్టాన్‌ఫర్డ్ మెన్స్ టీమ్ చేతికి తీసుకున్నాడు, 2004లో దిగాడు. 776 మ్యాచులు గెల్చాడు, 148 ఓడాడు. 17 సార్లు నేషనల్ చాంపియన్స్. ఆయన స్టూడెంట్లలో పది మంది ఎన్‌సీఏఏ సింగిల్స్ చాంపియన్లు, ఆ పదిలో తర్వాత ప్రపంచ నంబర్ వన్ అయిన జాన్ మెకెన్రో ఒకడు, బాబ్ బ్రయాన్ ఒకడు. ఇంత చేసిన మనిషి గురించి తెలుగులో ఎంత వెతికినా నాకు ఒక్క పేజీ దొరకలేదు, అందుకే ఈ థ్రెడ్. తెలిసినవాళ్లు తెలిసింది రాయండి.

#2 నెల్లూరోడు
అన్నా మంచి థ్రెడ్. ఆ రోజు నేను లైవ్ చూశా, ఫస్ట్ సెట్ అయిపోగానే మా నాన్నకి ఫోన్ చేసి టీవీ పెట్టమని చెప్పా. వాళ్ల అమ్మానాన్నలది నెల్లూరే. కానీ ఒక డౌట్, స్టాన్‌ఫర్డ్ అంటేనే ప్రపంచంలో పెద్ద పేరు, ఎండ బాగా కాసే కాలిఫోర్నియా, మెకెన్రో లాంటోడు వచ్చి చేరితే కోచ్ చేసేదేముంటుంది? ఎవరున్నా గెలుస్తారు కదా.

#3 స్కోర్‌బోర్డ్
నెల్లూరోడు బ్రో, అందరూ అడిగే ప్రశ్నే ఇది, లెక్కల్తో చెప్తా. 1960 నుంచి 1971 దాకా ప్రతి ఏడాదీ టైటిల్ ఎవరిదో తెలుసా, అయితే యూఎస్‌సీ లేకపోతే యూసీఎల్‌ఏ. పన్నెండేళ్లు ఆ రెండిటి మధ్యే, రెండూ లాస్ ఏంజెలెస్ కాలేజీలే. యూఎస్‌సీలో జార్జ్ టోలీ అని ఇంకో మహా కోచ్, ఆయనకి పది టైటిళ్లు. యూసీఎల్‌ఏ నుంచి వచ్చినోడు వింబుల్డన్ చాంపియన్ ఆర్థర్ యాష్. 1972లో టెక్సస్‌లోని ట్రినిటీ గెల్చింది. ఎండ వాళ్లకీ ఉంది, టెన్నిస్‌లో పేరు స్టాన్‌ఫర్డ్ కంటే వాళ్లకే ఎక్కువ, కుర్రాళ్లంతా ముందు అక్కడికే పోయేవాళ్లు. గౌల్డ్ వచ్చేనాటికి స్టాన్‌ఫర్డ్‌కి ఒక్క ఎన్‌సీఏఏ టీమ్ టైటిల్ కూడా లేదు. మొదటిది 1973లో, అంటే ఆయన ఏడో సీజన్‌లో వచ్చింది.

ఇంక మెకెన్రో సంగతి, అతను ఉన్నది ఒక్క ఏడాదే. 1977లో వింబుల్డన్‌లో క్వాలిఫయర్‌గా, అంటే అర్హత మ్యాచులు ఆడి వచ్చి సెమీస్ దాకా వెళ్లాడు, ఆ తర్వాత కాలేజీలో చేరాడు, 1978లో టీమ్ టైటిల్, సింగిల్స్ టైటిల్ రెండూ కొట్టి ప్రొఫెషనల్ అయిపోయాడు. ఆ ఒక్కటీ తీసేయండి, ఇంకా 16 ఉన్నాయి.

#4 సర్వ్_అండ్_వాలీ
స్కోర్‌బోర్డ్ అన్న చెప్పిందానికి ఒకటి కలుపుతా, నేను నిన్న రాత్రి సంవత్సరాలన్నీ కాగితం మీద వేసుకుని చూశా. 1973, 74, 77, 78, 80, 81, 83, 86, 88, 89, 90, 92, 95, 96, 97, 98, 2000. ఇందులో రెండేళ్ల కంటే ఎక్కువ గ్యాప్ ఎక్కడా లేదు చూడండి. అంటే 1973కీ 2000కీ మధ్యలో ఆయన దగ్గర చేరి నాలుగేళ్లూ ఉన్న ఏ కుర్రాడూ టైటిల్ లేకుండా డిగ్రీ పట్టుకుని వెళ్లలేదు. నాలుగేళ్లకోసారి టీమ్ మొత్తం మారిపోయే ఆటలో ఇది, ఈ ఏడాది నీ నంబర్ వన్ ఎవడో వచ్చే ఏడాది వాడు ప్రొఫెషనల్ అయిపోతాడు, మళ్లీ 18 ఏళ్ల పిల్లోడితో మొదలు. ప్రొఫెషనల్ కోచ్‌కి ఒక ప్లేయర్ పదేళ్లు ఉంటాడు, కాలేజీ కోచ్‌కి ఆ అదృష్టం లేదు. నాకు ఆ 17 అనే అంకె కంటే ఈ గ్యాప్ లేకపోవడమే పెద్దగా అనిపించింది.

చివరి నాలుగేళ్లు, 2001 నుంచి 2004, టైటిల్ రాలేదు. అది కూడా చెప్పాలి కదా.

#5 బే_ఏరియా_వాసి
నేను స్టాన్‌ఫర్డ్‌కి ఇరవై నిమిషాల దూరంలో ఉంటా, మా పిల్లల్ని తీసుకుని టాబ్ టెన్నిస్ సెంటర్‌లో మ్యాచులకి చాలాసార్లు వెళ్లా. మనవాళ్లు ఒకసారైనా చూడాలి, టీవీలో చూసే టెన్నిస్ కాదది. టీవీలో నిశ్శబ్దంగా ఉంటారు కదా, ఇక్కడ పక్కపక్క కోర్టుల్లో ఆరు మ్యాచులు ఒకేసారి నడుస్తుంటాయి, మూడో కోర్టులో పాయింట్ గెలిస్తే ఒకటో కోర్టులో వాడు ఇక్కణ్ణుంచి అరుస్తాడు, బెంచ్ మీద ఛాన్స్ రాని పిల్లలు గొంతు పోయేలా అరుస్తుంటారు. కోచ్ పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్య కోర్టులోకి వచ్చి ప్లేయర్ చెవిలో మాట చెప్పి మళ్లీ ఇంకో కోర్టుకి పరుగు.

గౌల్డ్ గారు కోచింగ్ ఆపేశాక కూడా డైరెక్టర్ ఆఫ్ టెన్నిస్‌గా అక్కడే చాలా ఏళ్లు ఉన్నారు. ఆ స్టేడియం ఇవాళ అలా ఉందంటే విరాళాలు కూడగట్టడంలో ఆయన పడిన కష్టం ఉంది. కాలేజీ కోచ్ అంటే రాకెట్ పట్టుకుని బంతులు వేసేవాడు అనుకుంటాం, డబ్బులు అడిగేదీ ఆయనే, పిల్లల ఇళ్లకెళ్లి అమ్మానాన్నల్తో మాట్లాడేదీ ఆయనే, బస్సు బుక్ చేసేదీ పరీక్షలు ఎప్పుడున్నాయో చూసుకునేదీ ఆయనే.

#6 టెన్నిస్_నాన్న
నమస్తే అందరికీ. నాది హైదరాబాద్, మా అమ్మాయికి 16 ఏళ్లు, ఏఐటీఏ (మన దేశ టెన్నిస్ సంఘం) టోర్నమెంట్లు ఆడుతుంది, అమెరికా కాలేజీలకి ట్రై చేద్దాం అనుకుంటున్నాం. ఈ కాలేజీ మ్యాచ్ ఎలా ఆడతారో నాకు ఇంతవరకూ సరిగ్గా అర్థం కాలేదు, ఎవరైనా తేలిగ్గా చెప్తారా. ఆరు మ్యాచులు ఒకేసారి అంటున్నారు, గెలుపు ఎలా లెక్కపెడతారు?

#7 స్కోర్‌బోర్డ్
టెన్నిస్_నాన్న గారూ, సింపుల్ అండి. ముందు మూడు డబుల్స్ ఆడతారు, ఒక్కోటి ఒక్క సెట్టే. మూడిట్లో రెండు గెల్చినోళ్లకి ఒక పాయింట్. తర్వాత ఆరు సింగిల్స్, ఒక్కోదానికి ఒక్కో పాయింట్. మొత్తం ఏడు, ఎవరు ముందు నాలుగు కొడితే వాళ్లదే మ్యాచ్. డ్యూస్ (40-40) వస్తే అడ్వాంటేజ్ ఉండదు, ఒక్క పాయింట్‌తో గేమ్ తేలిపోతుంది. గౌల్డ్ గారి తొలి రోజుల్లో వేరేగా ఉండేది, ఆరు సింగిల్స్, మూడు డబుల్స్, తొమ్మిది పాయింట్లు.

ఇంకో విషయం, 1977కి ముందు ఎన్‌సీఏఏ టీమ్ టైటిల్‌కి ఇలా టీమూ టీమూ తలపడేవి కాదు, సింగిల్స్ డబుల్స్ టోర్నమెంట్‌లో ఎవరెంత దూరం వెళ్తే అన్ని పాయింట్లు, అవన్నీ కలిపి చూసేవాళ్లు. అలాంటప్పుడు ఇద్దరు ముగ్గురు స్టార్లుంటే చాలు. 1977 నుంచి టీమ్ మొత్తం బాగుండాలి. గౌల్డ్ రెండు రకాలుగానూ గెల్చాడు, పాత పద్ధతిలో రెండు, కొత్త పద్ధతిలో పదిహేను. రూల్ మారినా ఆగలేదు.

#8 పాత_లెఫ్టీ
చాలా రోజులుగా ఈ ఫోరమ్ చదువుతున్నా గానీ ఎప్పుడూ రాయలేదు, ఈ థ్రెడ్ చూసి రాయాలనిపించింది. నేను అమెరికాలో ఒక కాలేజీకి ఆడాను, పేరు వద్దు. నేను ఆరో నంబరు సింగిల్స్, అంటే బలాన్ని బట్టి పెట్టే ఆరుగురిలో ఆఖరివాణ్ణి. ఒక్కో వారం ఆరు, ఒక్కో వారం ఏడు, అంటే బెంచ్. మా కోచ్‌కి ఒకటో నంబరు, రెండో నంబరు తప్ప ఎవరూ కనపడేవాళ్లు కాదు. మ్యాచ్ 3-3 అయి నా కోర్టు మీదకి వచ్చి నిలబడిన రోజున కూడా ఆయన వచ్చి నాతో ఒక్క మాట మాట్లాడలేదు, ఫెన్స్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఆ మ్యాచ్ ఓడిపోయాను, వ్యాన్‌లో తిరిగొచ్చేటప్పుడు ఆరు గంటల ప్రయాణం, ఆ నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తుంది నాకు.

అందుకని నేను కోచ్‌ని కొలిచేది వేరేగా. ఒకటో కోర్టులో పాయింట్ ఎంతో ఆరో కోర్టులోనూ అంతే కదా. మెకెన్రో గెలిస్తే రెండు పాయింట్లేం ఇవ్వరు. ఆరో నంబరు పిల్లాడు అవతలి టీమ్ ఆరో నంబరు కంటే బాగుండాలి, మూడో డబుల్స్ జోడీ బాగుండాలి, ఇది ఏటేటా జరగాలి. కొత్త పద్ధతిలో 15 టైటిళ్లు అంటే 15 సార్లు ఆ ఆరో నంబరు పిల్లాడు కూడా తన పని చేశాడని. వాళ్ల పేర్లు ఎవరికీ తెలీదు, కానీ వాళ్లని తయారు చేసిన మనిషి ఒకడున్నాడు కదా. నాకు గౌల్డ్ అంటే గౌరవం అందుకు.

#9 లైన్_కాల్
పాత_లెఫ్టీ తమ్ముడూ, చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. నేను వైజాగ్‌లో పిల్లలకి కోచింగ్ ఇస్తాను, అకాడమీలో నలభై మంది ఉంటే అందరి కళ్లూ స్టేట్ ర్యాంక్ ఉన్న ఇద్దరి మీదే ఉంటాయి, నావి కూడా అటే పోతాయి, లాక్కోవాలి.

1998 చూడండి. ఆ ఏడాది స్టాన్‌ఫర్డ్ 28 మ్యాచులాడి 28 గెల్చింది. సింగిల్స్ ఫైనల్‌కి వచ్చింది ఎవరూ, బాబ్ బ్రయాన్, పాల్ గోల్డ్‌స్టీన్. ఇద్దరూ ఒకే టీమ్, ఒకే కోచ్ దగ్గర. బాబ్ గెల్చాడు, మైక్‌తో కలిసి డబుల్స్ కూడా గెల్చాడు, టీమ్ టైటిల్‌తో కలిపి మూడూ ఒకే ఏడాది. ఆ బ్రయాన్ కవలలే తర్వాత గ్రాండ్‌స్లామ్ డబుల్స్‌లో కలిసి 16 టైటిళ్లు కొట్టారు, 2012 లండన్ ఒలింపిక్స్‌లో గోల్డ్ కూడా. ఓడిన గోల్డ్‌స్టీన్ 2014లో అదే కాలేజీకి కోచ్ అయ్యాడు. టీమ్‌మేట్ చేతిలో ఫైనల్ ఓడిపోయిన పిల్లాడికి ఆ చోటు మీద ప్రేమ పోలేదంటే అక్కడ వాతావరణం ఎలా పెట్టి ఉంటారో ఆలోచించండి.

టెన్నిస్_నాన్న గారూ, అమ్మాయి కాబట్టి మీకు స్టాన్‌ఫర్డ్ విమెన్స్ సంగతి కూడా చెప్పాలి. గౌల్డ్ గారి భార్య యాన్ గౌల్డ్ కూడా అక్కడ విమెన్స్ టీమ్‌కి కోచ్‌గా చేశారు. తర్వాత ఫ్రాంక్ బ్రెనన్ పది ఎన్‌సీఏఏ టైటిళ్లు, ఆయన దగ్గర అసిస్టెంట్‌గా చేసిన లేలే ఫరూద్ ఇంకో పది. ఇరవై! ఈవిడ గురించి అయితే మరీ ఎవరూ మాట్లాడరు, నాకు అది బాధగా ఉంటుంది.

#10 నెల్లూరోడు
సరే ఒప్పుకున్నా, #2లో తొందరపడ్డా. కానీ ఒకటి, గౌల్డ్ కంటే క్రెయిగ్ టైలీ చేసింది కష్టం అంటా నేను. ఇల్లినాయ్, మంచు పడే చోటు, అక్కడ ఎవరికీ టెన్నిస్ పట్టని కాలేజీ. సౌతాఫ్రికా నుంచి వచ్చిన మనిషి 2003లో 32 మ్యాచులకి 32 గెలిపించాడు, టీమ్ టైటిల్, సింగిల్స్ టైటిల్, డబుల్స్ టైటిల్ మూడూ. ఆ డబుల్స్ గెల్చింది ఎవరనుకున్నారు, మన ఇండియన్ మూలాలున్న రాజీవ్ రామ్, ఇంకో పార్ట్‌నర్‌తో. రాజీవ్ పెరిగింది ఇండియానాలో కార్మెల్ అనే ఊరు, మన నిషేష్ పెరిగింది కూడా అదే ఊరు. టైలీ తర్వాత ఆస్ట్రేలియన్ ఓపెన్ డైరెక్టర్ అయ్యాడు. అంటే నిషేష్ జొకోవిచ్‌తో ఆడిన ఆ టోర్నమెంట్ నడిపింది ఒకప్పటి కాలేజీ కోచ్.

#11 స్కోర్‌బోర్డ్
ఇది బాగుంది బ్రో, నాకు ఈ కార్మెల్ లింక్ తట్టలేదు. టైలీ గొప్పోడే, కాదన్ను. కానీ ఒక్కసారి శిఖరం ఎక్కడం వేరు, ముప్పై ఏళ్లు అక్కడే కాపురం ఉండటం వేరు. పోలిక పెట్టాలంటే బ్రయాన్ షెల్టన్‌ని కూడా పెట్టండి, ఆయన 2007లో జార్జియా టెక్ విమెన్స్‌ని, 2021లో ఫ్లోరిడా మెన్స్‌ని గెలిపించాడు, రెండూ గెలిపించిన కోచ్ ఆయనొక్కడే. 2021 టీమ్‌లో ఆయన కొడుకు బెన్ షెల్టన్ ఉన్నాడు.

మన దేశం నుంచి వెళ్లినవాళ్లలో సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియాలో బ్రయన్ బోలండ్ దగ్గర ఆడాడు, 2007లో ఎన్‌సీఏఏ సింగిల్స్ ఫైనల్లో జాన్ ఇస్నర్ మీద గెల్చి 2008లో మళ్లీ గెల్చాడు. తర్వాత బోలండ్ టీమ్ 2013, 15, 16, 17లో టైటిళ్లు కొట్టింది. మన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీ, 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో సానియాతో మిక్స్‌డ్ గోల్డ్ కొట్టాడు. సహజ యమలపల్లి టెక్సస్‌లో శామ్ హ్యూస్టన్ స్టేట్.

#12 టెన్నిస్_నాన్న
అందరికీ చాలా థ్యాంక్స్ అండి, ఒక్కో పోస్టు రెండు సార్లు చదివా. సహజ గారి పేరు చూసి మా అమ్మాయి కళ్లు మెరిశాయి. ఇప్పుడు అసలు సమస్య, డబ్బు. ఫుల్ స్కాలర్‌షిప్ వస్తుందని ఒక కన్సల్టెంట్ చెప్తున్నాడు, ముందు లక్షల్లో ఫీజు అడుగుతున్నాడు. నమ్మొచ్చా?

#13 పాత_లెఫ్టీ
గ్యారంటీ అనేవాణ్ణి నమ్మొద్దు సార్. స్కాలర్‌షిప్ ఇచ్చేది కోచ్, మధ్యలో ఎవడూ గ్యారంటీ ఇవ్వలేడు. ఎన్‌సీఏఏలో పై స్థాయి డివిజన్ వన్, అందులో మెన్స్‌కి చాలా ఏళ్లు టీమ్ మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్పులే ఉండేవి, ఎనిమిది పది మందికి కోచ్ ముక్కలు చేసి పంచేవాడు. నాకొచ్చింది పావు వంతు, మిగతాది మా నాన్న పొలం మీద అప్పు. అమ్మాయిలకి ఎనిమిది ఫుల్ ఉండేవి. 2025-26 నుంచి పద్ధతి మారింది, ఎన్‌సీఏఏ కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్పుల లిమిట్ తీసేసి టీమ్‌కి పది మందే అని పెట్టారు. వినడానికి బాగుంది కానీ ఎంతమందికి ఇవ్వాలనేది ఆ కాలేజీ బడ్జెట్‌ని బట్టే. హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లో, కింది స్థాయి డివిజన్ త్రీలో ఆట కోసం స్కాలర్‌షిప్ అసలు ఉండదు, అవసరాన్ని బట్టి, చదువుని బట్టి ఇచ్చే సాయం వేరు.

మీ అమ్మాయి చేతే కోచ్‌కి మెయిల్ రాయించండి, మీరు రాయొద్దు. యూటీఆర్ రేటింగ్ (ప్లేయర్ స్థాయి చెప్పే అంకె), మార్కులు, ఎడిట్ చేయని మ్యాచ్ వీడియో. హైలైట్స్ కాదు, ఓడిన గేములు కూడా ఉండాలి. కోచ్ చూసేది పాయింట్ పోయాక పిల్ల ఎలా నడుస్తుంది అని.

#14 లైన్_కాల్
వీడియో గురించి తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకోటి, కోచ్‌తో మాట్లాడే ఛాన్స్ వస్తే మా ఇండియన్ పేరెంట్స్ అంతా స్కాలర్‌షిప్ ఎంత అనే అడుగుతాం. అది అడగండి, తప్పదు. దాంతోపాటు మీరు ఈ కాలేజీలో ఎన్నేళ్లుగా ఉన్నారు, పోయిన నాలుగేళ్లలో మధ్యలో వదిలేసి వేరే కాలేజీకి వెళ్లినవాళ్లెంతమంది, లైనప్‌లో లేని పిల్లలకి ప్రాక్టీస్ ఎలా ఉంటుంది, ఇవి కూడా అడగండి. సీజన్‌లో వారానికి 20 గంటలే ప్రాక్టీస్ అని రూల్ ఉంది, ఆ ఇరవైలో ఏడో నంబరు పిల్లకి కోచ్ ఎంత టైమ్ ఇస్తాడో కనుక్కోండి.

#15 సర్వ్_అండ్_వాలీ
గౌల్డ్ ఆట గురించి ఒక్క ముక్క చెప్పకపోతే నా పేరుకి అర్థం లేదు. ఆయన పిల్లల్ని చూస్తే సర్వ్ బాగా కొట్టడం, నెట్ దగ్గరికి దూసుకుపోవడం, ఇదే ఎక్కువ కనపడుతుంది. రాస్కో టానర్ సర్వ్, మెకెన్రో వాలీ (బంతి నేల తాకకముందే కొట్టడం), టిమ్ మయోట్, జొనాథన్ స్టార్క్. దాంతో డబుల్స్ దానంతటదే బలపడేది. కాలేజీ టెన్నిస్‌లో డబుల్స్ పాయింట్ ముందే జేబులో పడిందంటే ఆరు సింగిల్స్‌లో మూడు గెలిస్తే చాలు, అవతలోళ్లు నాలుగు గెలవాలి. మన దగ్గర అకాడమీల్లో పన్నెండేళ్ల పిల్లలకి వాలీ నేర్పించరు, బేస్‌లైన్ వెనక నిలబెట్టి గంటలకొద్దీ ఫోర్‌హ్యాండ్ కొట్టిస్తారు, ఎందుకంటే ఆ వయసులో నెట్ దగ్గరకొస్తే ఓడిపోతారు, ఓడిపోతే పేరెంట్స్ అకాడమీ మార్చేస్తారు. లైన్_కాల్ గారూ, నేను తప్పు చెప్తుంటే చెప్పండి.

#16 లైన్_కాల్
తప్పేం లేదు, నా దగ్గర నుంచే ఇద్దరు అలా వెళ్లిపోయారు. అయినా శనివారాలు డబుల్స్ మాత్రమే ఆడిస్తున్నాను, ఈ మధ్యే మొదలుపెట్టా. పిల్లలకి ఇష్టం, పెద్దవాళ్లకే ఇంకా నచ్చట్లేదు.

#17 టెన్నిస్_నాన్న
రెండు వారాల తర్వాత వస్తున్నా. కన్సల్టెంట్‌కి వద్దని చెప్పేశాం. అమ్మాయి తనే ఇరవై మంది కోచ్‌లకి రాసింది, నలుగురు జవాబిచ్చారు. ఒకావిడ తన కింద ఆడే ఆరో నంబరు అమ్మాయి ఫోన్ నంబర్ ఇచ్చి, నాతో కాదు ముందు తనతో మాట్లాడు అన్నారట. రాత్రి వీళ్లిద్దరూ గంటన్నర మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడారో నాకు చెప్పలేదు గానీ పొద్దున అయిదింటికి నేను లేపకుండానే లేచింది.

వీడియోలు మళ్లీ తీయాలి. పాతవన్నీ పక్క నుంచి తీసినవి.

#18 పాత_లెఫ్టీ
ఆ కోచ్‌ని వదలొద్దు సార్. స్కాలర్‌షిప్ కొంచెం తక్కువిచ్చినా సరే.

#19 బే_ఏరియా_వాసి
సీజన్ మొదలవగానే నేను స్టాన్‌ఫర్డ్ విమెన్స్ మ్యాచ్‌కి వెళ్తా, ఈసారి ఒకటో కోర్టు దగ్గర కాదు, ఆరో కోర్టు దగ్గర కూర్చుంటా. టెన్నిస్_నాన్న గారూ, అమ్మాయి కోసం ఒక మ్యాచ్ మొత్తం వీడియో తీసి పంపిస్తా, ఏ వైపు నుంచి కావాలి?

#20 టెన్నిస్_నాన్న
వెనక ఫెన్స్ వైపు నుంచి తీయండి సార్, కొంచెం ఎత్తులో. అటు నుంచైతే కాళ్లు కనపడతాయి. పాయింట్ పాయింట్‌కీ మధ్యలో ఆపకండి, కోచ్ వచ్చి మాట్లాడేది కూడా చూడాలంటోంది.